టెన్షన్ లేని రోజు మాత్ర

జూన్ 2

నిదానం గారికి,

మీ అక్క గొంతు చించుకుని అరుస్తూ రాస్తున్న ఉత్తరం. చెవులు మూసుకుని చదువు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ఏదడిగినా "హహహ, అదేం లేదక్కా" అంటావు, బావ ఎలా ఉన్నారంటావు, పెట్టేస్తావు. కాగితం మీద "హహహ" అని రాయాలంటే నీకే సిగ్గేస్తుంది. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. అడిగినవాటికి వరసగా జవాబు రాయాలి.

విషయానికొస్తాను. నిన్న మరదలు ఫోన్ చేసి, "వదినా, ఈయనకి బీపీ అట. క్రేన్ ఎక్కనివ్వడం లేదట" అని ఏడ్చినంత పని చేసింది. నేను నవ్వేశాను. అవును, నవ్వాను. నీకు బీపీ ఏమిట్రా! బీపీ రావలసిందెవరికి? నాకు. జిప్పు ఊడిందని ప్యాంటు తెచ్చి, "సాయంత్రానికల్లా కావాలి" అని నా ప్రాణం తోడేసి, పది రోజుల తర్వాత తీరిగ్గా వచ్చేవాళ్లని చూసి ఒంటికాలి మీద లేచేది నేను. నడుము దగ్గర రెండంగుళాలు వదులు చేయమని తెచ్చి, లోపల అరంగుళం గుడ్డ కూడా లేదంటే నన్నే తప్పుపట్టేవాళ్లతో రోజంతా వేగేది నేను. నువ్వేమో పుట్టినప్పుడు కూడా కాస్త ఆలోచించుకుని ఏడ్చావని అమ్మ చెప్పేది. ఆ పరీక్ష చేసినవాళ్లు నీ చేతికి కట్టాల్సిన పట్టీ పక్కవాడి చేతికి కట్టి ఉంటారు.

మీ బావతో ఇదే అంటే, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే, "కోపానికీ దానికీ సంబంధం లేదేమో" అన్నారు. గడియారాలు బాగుచేసే మనిషికి మనుషుల సంగతి ఏం తెలుస్తుంది?

ఇక ప్రశ్నలు. అంకె ఎంత? ఎవరు చూశారు? మాత్రలిచ్చారా, వేసుకుంటున్నావా? క్రేన్ సంగతేమిటి?

కోపంగా లేను, నా మామూలు గొంతే ఇది.
అక్క


జూన్ 8

చిటపటక్కకి,

నిదానం తాపీగా కూర్చుని రాయునది. హహహ. చూశావా, రాశాను. సిగ్గేమీ వేయలేదు.

వరసగా చెప్తాను. అంకె పైన 168, కింద 104. చూసింది కంపెనీ డాక్టరమ్మ. క్రేన్ నడిపేవాళ్లందరికీ ఏడాదికోసారి కళ్లు, చెవులు, బీపీ చూస్తారు. మే 28న నాకు మూడుసార్లు చూసింది. రెండు చేతులకీ చూసింది, పట్టీ మార్చి చూసింది. కాబట్టి అది పక్కవాడి చెయ్యి కాదు, అచ్చంగా నాదే.

కాగితం మీద "హైపర్ టెన్షన్" అని రాసింది. ముప్పై మాత్రల డబ్బా ఇచ్చి, ఉప్పు తగ్గించమంది, నడవమంది. ఉప్పు మాటకి నాకు నవ్వాగలేదు. ఎవరేమన్నా కోపం రాదని "నువ్వు ఉప్పూ కారం తినడం లేదా" అని ఇప్పటికే అందరూ తిడుతున్నారు. ఇక నిజంగానే తినను, పీడా పోతుంది.

క్రేన్ తాళం చెవి తీసేసుకున్నారు. జూలై 15న మళ్లీ చూస్తారు. అప్పటికి పై అంకె 140 లోపు, కింది అంకె 90 లోపు ఉంటే చెవి నాకిస్తారు. లేకపోతే ఇక నేల మీద ఉద్యోగమే. పందొమ్మిదేళ్లు నడిపాను అక్కా. పైన నా క్యాబిన్ ఎంతుంటుందో నీకు తెలుసుగా. ఒక కుర్చీ, చేతికొక మీట, కాళ్ల కింద అద్దం, టిఫిన్ డబ్బా తగిలించుకోవడానికి ఒక మేకు. రెండొందల పన్నెండు మెట్ల నిచ్చెన ఎక్కాక, ఊసుపోక పలకరించడానికి అక్కడికెవడూ రాడు. నాకంత ఇష్టమైన గది ఇంకెక్కడా లేదు.

ప్రస్తుతం స్టోరు గదిలో హెల్మెట్లూ, చేతి తొడుగులూ ఇచ్చే పనిలో పెట్టారు. అక్కడి పెద్దాయన తొడుగుల జతకి రెండు సంతకాలు పెట్టించుకుంటాడు, ఎడమదానికొకటి, కుడిదానికొకటి. మంచివాడే.

హైపర్ టెన్షన్ అంటే టెన్షన్ మితిమీరిందని కదా. నాకేం టెన్షన్ ఉందో నాకే తెలియదు. అయినా టెన్షన్ జోలికి పోకుండా చూసుకుంటున్నాను. మాత్రలూ ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడుతున్నాను. నువ్వేం బెంగ పెట్టుకోకు.

నేల మీద క్షేమంగా ఉన్న
తమ్ముడు


జూన్ 13

నేలబారు నిదానానికి,

ముందు నా అవమానం విను. నీ ఉత్తరం చూసి, మా వీధి చివర మందుల షాపుకెళ్లి నేనూ చూపించుకున్నాను. 118, 76. చదువుకునే పిల్లల అంకె అట! "సరిగ్గా చూడండి, నేను రోజుకి పదిమందిని తిట్టే మనిషిని" అన్నాను. మళ్లీ చూశాడు. ఆ కోపం మీద 130 చూపించింది. కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగితే మళ్లీ 118. ఇన్నేళ్లుగా "నా బీపీ పెంచకండి" అని ఊరందరినీ బెదిరించుకుని బతుకుతున్నాను. ఇప్పుడీ ముక్క బయటికి పొక్కితే నన్నెవరు లెక్కచేస్తారు?

ఇంటికొచ్చి ఆలోచిస్తే అసలు సంగతి తట్టింది. నాకు వచ్చిన కోపం వచ్చినట్టే పోతుంది. నీది లోపలే కూర్చుంటుంది. ఇదిగో మందు: రోజుకో గొడవ పెట్టుకో. పద్ధతి నేను చెప్తాను. మొదట గొంతు పెంచాలి. తర్వాత చూపుడు వేలు లేపాలి. ఆఖరున తలుపు ధడేల్మని వేసి బయటికి రావాలి. ఎదుటివాడు ఏదో అంటుండగానే రావాలి, విన్నావంటే మెత్తబడిపోతావు. ఆ రెండు సంతకాల పెద్దాయనతో మొదలుపెట్టు.

ఇంకో పని కూడా చేశాను. మరదలికి ఫోన్ చేసి, "వాడికి టెన్షన్ వల్ల వచ్చిన జబ్బమ్మా. ఇంట్లో ఏం పాడైనా, ఏం విరిగినా వాడి చెవిన వేయకు. చిరునవ్వుతో తిరుగు" అని గట్టిగా చెప్పాను. పాపం, "సరే వదినా" అంది.

జూలై 15 ఎంతో దూరం లేదు. క్రేన్ నీకు తిరిగి వచ్చి తీరాలి, అంతే. మాత్రల సంగతి ఇంకాస్త వివరంగా రాయి.

118 చేతిలో పరువు పోయిన
అక్క


జూన్ 20

గొడవల గురువుగారికి,

శిష్యుడి పరీక్ష ఫలితాలు రాస్తున్నాను. దయచేసి కూర్చుని చదువు.

సోమవారం పొద్దున స్టోరు పెద్దాయన ఎప్పటిలాగే, "ఇక్కడొక సంతకం, ఇక్కడొక సంతకం" అన్నాడు. నేను లేచి నిలబడి, గొంతు పెంచి, "ఏమిటండీ ఇది?" అన్నాను. ఆయన తలెత్తి చూసి, "గొంతు బాగాలేదా నాయనా?" అని సొరుగులోంచి దగ్గు బిళ్ల తీసిచ్చాడు. వేలు లేపుదామనుకుంటే వేళ్ల మధ్య ఆ బిళ్ల ఉంది. పోనీ తలుపైనా వేద్దామని బయటికొచ్చాను. అది తలుపు కాదు, షట్టరు. బలంగా లాగేసరికి ఒక పక్క దిగి ఇంకో పక్క ఇరుక్కుంది. లోపల పెద్దాయన, బయట నేను. విడిపించడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఆయన లోపలినుంచి, "కంగారు పడకు, నీకసలే బీపీ" అంటూనే ఉన్నాడు.

ఇక నీ మరదలు. ఇంట్లో చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. ఏమడిగినా "అంతా బాగుంది" అని నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే గుండె గుభేలుమంటోంది. మూడు రోజులు చన్నీళ్లే పోసుకోమంది, ఆరోగ్యానికి మంచిదట. ఒకసారి బీరువా చాటున నిలబడి ఫోన్‌లో, "ఆయనకి తెలియకూడదు, ఆయన లేనప్పుడు రండి" అంటోంది. ఏం చెప్పను అక్కా, నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడకేదో పెద్ద రోగం వచ్చిందనీ, డాక్టరు ఇంటికొస్తున్నాడనీ అనుకున్నాను. తీరా చూస్తే ఆ వచ్చినవాడు నీళ్ల హీటరు బాగుచేసేవాడు. హీటరు పేలిపోతే నాకు తెలియకుండా బాగుచేయిస్తోంది. ఇదంతా నీ చలవే.

ఆ కంగారులోనే బీపీ మిషన్ కొనుక్కొచ్చాను. తప్పు చేశానేమో. రోజుకి పందొమ్మిది సార్లు చూసుకుంటున్నాను. టీకి ముందు, టీ తర్వాత, ముందుకీ తర్వాతకీ మధ్యలో. అంకె పెరిగిందని భయం, భయపడ్డాను కదా ఎంతైందో అని మళ్లీ చూడటం. నిన్న 174 చూసి మిషన్‌ని బట్టల కింద దాచాను. పది నిమిషాలకే బట్టలన్నీ పీకి మళ్లీ తీశాను.

పొద్దున పూట ఏమీ తినాలనిపించడం లేదు, అంతకుమించి బాధేమీ లేదు. అన్నట్టు, మొన్న భోజనాల వేళ క్రేన్ దగ్గర ఎవరూ లేకపోతే, ఊరికే సరదాకి నిచ్చెన ఎక్కబోయాను. మూడో మెట్టు దగ్గర చేతులు చెమటలు పట్టేసి, గుండె దడదడలాడి, ఊపిరందలేదు. దిగి ఇసుక కుప్ప మీద కూర్చుంటే కాసేపటికి సర్దుకుంది. బీపీ ఇలాంటి పనులు కూడా చేస్తుందన్నమాట. హహహ.

మాత్రల గురించి అడిగావు కదా. నిండుగా ఉన్నాయి. ముప్పైలో ఇంకా ఇరవైమూడున్నాయి.

పందొమ్మిదోసారి చూసుకోబోతున్న
తమ్ముడు


జూన్ 26

ఒరేయ్,

మే 28 నుంచి జూన్ 20 దాకా ఇరవైనాలుగు రోజులు. రోజుకొకటి చొప్పున ఇరవైనాలుగు మాత్రలు. ముప్పైలోంచి అవి పోతే ఆరు మిగలాలి. నీ దగ్గర ఇరవైమూడు ఎలా ఉన్నాయిరా? నేను చొక్కాకి ఎన్ని గుండీలు కావాలో చూపుతో చెప్పే మనిషిని. నన్నా బోల్తా కొట్టిస్తావు?

"ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడుతున్నాను" అంటే ఏమిటో ఇప్పుడర్థమైంది. టెన్షన్ పడ్డ రోజు ఒకటి వేసుకుని, పడని రోజు మానేస్తున్నావు. అవునా?

మా దగ్గరికి ఒక నర్సమ్మ వస్తుంది, యూనిఫాం భుజాలు సరిచేయించుకోవడానికి. నిన్న వచ్చింది. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి నిలబడింది, నేను చంకల దగ్గర గుండుసూదులు గుచ్చుతున్నాను. కదిలితే గుచ్చుకుంటుంది కాబట్టి ఎటూ పోలేదు. అన్నీ అడిగేశాను.

"ఆ పేరులో టెన్షన్ ఉంది కానీ, అది మనం అనుకునే టెన్షన్ కాదండీ" అంది. "రక్తం వెళ్తూ నాళాల గోడల్ని నెట్టే ఒత్తిడి అది. హాయిగా నవ్వుతున్న మనిషికీ ఉంటుంది. చాలామందికి ఏ బాధా తెలియదు. టెన్షన్ లేని రోజు కూడా మాత్ర వేసుకోవలసిందే."

"మరి మనసుకీ దానికీ ఏ సంబంధమూ లేదా?" అన్నాను, గొడవల మందు రాసిచ్చిన మహాతల్లిని కదా.

"లేకేమండీ. రెండూ వేరే, కానీ ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయి. భయమో, దిగులో పట్టుకుని నెలల తరబడి వదలకపోతే నిద్ర చెడుతుంది, తిండి చెడుతుంది, నడక మానేస్తారు, మాత్రలు మానేస్తారు. అది ఒంటి మీద పడుతుంది. బీపీ ఉందని తెలిశాక ఆ కంగారొకటి తోడవుతుంది. ఒకటి చూపించుకుని రెండోది దాచుకుంటే కుదరదు."

అప్పుడు నీ నిచ్చెన సంగతి చెప్పాను. ఆవిడ చేతులు దించేసింది. గుచ్చుకుంది కూడా. "ముందు గుండె పరీక్ష చేయించమనండి, అది తప్పనిసరి. అందులో ఏమీ లేకపోతే, మూడో మెట్టు దగ్గర వచ్చి దిగగానే పోయేది ఉత్త బీపీ కాకపోవచ్చు. ఆ నిచ్చెన దగ్గర ఏమైనా జరిగిందేమో మెల్లగా అడగండి" అంది.

మెల్లగా అడగడం నాకు రాదు, నీకు తెలుసు. గొడవలు పెట్టుకోమని చెప్పిందీ నేనే, మరదలి నోరు కట్టేసిందీ నేనే. తెలివితక్కువ పని చేశాను. మరదలికి ఫోన్ చేసి చెప్పులు వేసుకుని నడవమన్నాను.

ఈసారి ఒకటే ప్రశ్న. ఆ నిచ్చెన దగ్గర ఏమైంది? హహహ అని రాశావంటే ఆ ఉత్తరం వెనక్కి పంపుతాను.

అక్క


జూలై 1

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నీ ఉత్తరం అందిన రోజునుంచి మాత్ర రోజూ వేసుకుంటున్నాను, పళ్లు తోముకున్న వెంటనే. గుండె పరీక్ష కూడా చేయించాను. గుండె బాగానే ఉందన్నారు.

టెన్షన్ మాట దగ్గర నేను పొరబడింది నిజమే. కానీ అది మొదటి రెండు వారాలే. తర్వాత ఒకరోజు స్టోరులో తోచక డబ్బాలోని కాగితం విప్పి చదివాను. రోజూ వేసుకోవాలని పెద్ద అక్షరాల్లోనే ఉంది. చదివి, మడిచి, మళ్లీ డబ్బాలో పెట్టేశాను. ఎందుకో చెప్తాను.

పోయిన అక్టోబరులో ఒకరోజు పొద్దున ఇనుప చువ్వల కట్ట ఎత్తుతున్నాను. కిందనుంచి వాకీటాకీలో నాకు దారి చెప్పే మనిషి ఉన్నాడు కదా, ఈలలు వేస్తూ తిరుగుతాడని అందరం ఈలాయన అంటాం. "దించు, దించు" అంటున్నాడు. దించుతున్నాను. గాలి కూడా లేదు. కట్టకి చుట్టిన పట్టీ ఒకటి జారి, కట్ట వాలింది. అందులోంచి ఒక్క చువ్వ జారి, నాలుగంతస్తుల ఎత్తునుంచి పోయి, ఈలాయన ముందు నేలలో దిగింది. ఆయనకీ దానికీ మధ్య జానెడు దూరం. ఆయన తలెత్తి చూశాడు. నా కాళ్ల కింద అద్దంలోంచి ఆ మొహం నాకు కనబడింది.

పట్టీలో లోపమనీ, నా తప్పు లేదనీ తేల్చారు. ఆ రోజు వాకీటాకీలో నేనే అన్నాను, "హహహ, నీకింకా భూమ్మీద నూకలున్నాయి" అని. ఆయనా నవ్వాడు. అందరూ నవ్వారు. అంతటితో అయిపోయిందనుకున్నారు.

నాకు అయిపోలేదు. మర్నాటినుంచి ఆ నిచ్చెన పది మెట్లకోసారి ఆగి ఎక్కేవాణ్ని. మధ్యలో ఎన్నిసార్లు ఆగుతున్నానో ఎవరికీ కనబడకూడదని గంట ముందే వెళ్లేవాణ్ని. బరువు ఎత్తిన ప్రతిసారీ అద్దంలో ఆ మొహమే. ఈలాయన ఒకసారి చెప్పింది నేను మూడుసార్లు చెప్పించుకునేవాణ్ని. నిదానం మనిషి కదా అనుకున్నారు. ఏడు నెలలు అలాగే నడిపాను.

డాక్టరమ్మ 168 అన్నప్పుడు నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. బీపీ అంటే ఎవడూ నవ్వడు. సైటులో సగం మందికి ఉంది. టీ తాగుతూ నీదెంత, నాదెంత అని చెప్పుకుంటారు. నాకు భయమేస్తోందని ఒక్కడైనా చెప్పగా నేను వినలేదు.

క్రేన్ పోతుందని నేను బెంగపడుతున్నానని నువ్వనుకుంటున్నావు. కాదక్కా. తిరిగి ఇచ్చేస్తారని భయపడుతున్నాను. మాత్ర వేసుకుంటే అంకె తగ్గుతుంది, తగ్గితే చెవి చేతిలో పెడతారు. ఇరవైమూడు అందుకే మిగిలాయి. అలాగని ఆ క్యాబిన్ మీద ఇష్టం పోయిందా అంటే అదీ లేదు. ఇష్టమంతా పైనే ఉంది, నేను మూడో మెట్టు దాటలేకపోతున్నాను.

మీ మరదలికి ఇంకా చెప్పలేదు. నీకే మొదట రాస్తున్నాను.

తమ్ముడు


జూలై 5

నాన్నా,

నీ ఉత్తరం చదువుతుంటే, ఎవరిదో కాలరు కుడుతున్న చొక్కా తడిసిపోయింది. వాళ్లొచ్చి అడిగితే ఇస్త్రీ కోసం నీళ్లు చల్లానని చెప్పాను.

నీకు ఆరేళ్లప్పుడు మనిద్దరినీ కుక్క తరిమింది, గుర్తుందా? నేను వీధంతా దద్దరిల్లేలా అరిచాను. అందరూ వచ్చి నన్ను ఎత్తుకుని, నీళ్లు తాగించి, వీపు నిమిరారు. నువ్వు గోడకి ఆనుకుని నోరు విప్పకుండా నిలబడ్డావు. "చూడండి, వాడెంత నిదానమో!" అన్నారు. ఆ రోజునుంచే ఆ పేరు. నీ నిక్కరు తడిసిపోయిన సంగతి నాకొక్కదానికే తెలుసు, ఎవరూ చూడకుండా ఉతికి ఆరేసింది నేనే కాబట్టి. తెలిసి కూడా ఇన్నేళ్లూ నిన్ను అదే పేరుతో పిలుస్తున్నాను. ఇంట్లో ఉన్న కేకలన్నీ నేనే వాడేసుకున్నానురా, నీకు ఒక్కటీ మిగల్చలేదు. క్షమించు.

భయపడ్డావు కాబట్టే ఒక మాట మూడుసార్లు చెప్పించుకున్నావు. ఏడు నెలల్లో కింద ఎవరికీ చీమ కుట్టినట్టయినా కాలేదు. అందుకు నీ మీద నాకు గర్వంగా ఉంది. కానీ ఇంకో ఏడు నెలలు అలా నడపడానికి వీల్లేదు. నీకోసం, ఆ ఈలాయన కోసం.

మాత్రలు ఇలాగే వేసుకుంటే పదిహేనో తారీఖుకి అంకె దిగొచ్చేలా ఉంది. అప్పుడు నీకు దాక్కోవడానికి చోటు ఉండదు. నోరు తెరిచి చెప్పాలి, లేదా చెవి తీసుకుని ఎక్కాలి. ఏది చేయాలో నేను చెప్పను. చెప్పకుండా ఉండటం నాకెంత కష్టమో నీకు తెలుసు.

మరదలికి మాత్రం ముందు చెప్పు. నేను వచ్చి ఆ డాక్టరమ్మ గది బయట కూర్చోనా? మాట్లాడను, ఒట్టు. కుట్టుపని తెచ్చుకుంటాను.

నీ అక్క


జూలై 17

అక్కా,

నిన్ను రావద్దన్నందుకు అలిగావని బావ ఫోన్‌లో చెప్పారు. నువ్వు గది బయట ఉంటే నీకు భయపడి చెప్పానో, నాకై నేను చెప్పానో నాకే తెలిసేది కాదు. అందుకని వద్దన్నాను.

మీ మరదలికి పదో తారీఖున చెప్పాను. హీటరు సంగతి దాచిందని నేను అలిగానే, నేను తొమ్మిది నెలలు దాచింది విని తను అలగలేదు. "రోజూ గంట ముందు వెళ్లిపోతుంటే, ఇంట్లో ఉండటం మీకిష్టం లేదనుకున్నాను" అంది. అది వేరే ఉత్తరంలో రాయాల్సిన సంగతి, లేదా అసలు రాయనక్కర్లేని సంగతి.

పదిహేనున డాక్టరమ్మ మూడుసార్లు చూసింది. 136, 86. "శభాష్, బాగా తగ్గింది. మాత్ర మాత్రం మానకూడదు" అని సొరుగు తీసి, కవరులోంచి క్రేన్ తాళం చెవి తీసి బల్ల మీద నా ముందు పెట్టింది. నేను దాని వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ సంతకం చేసి కాగితం చింపి ఇచ్చింది. తీసుకోలేదు.

"డాక్టరుగారూ, నాకు ఎక్కాలంటే భయంగా ఉందండీ" అన్నాను.

ఎంత చిన్న గొంతుతో అన్నానంటే నాకే వినబడలేదు. ఆవిడ "ఏమన్నారు?" అంది. రెండోసారి అన్నప్పుడు గట్టిగా వచ్చింది, బయట వరసలో కూర్చున్నవాళ్లకి కూడా వినబడి ఉంటుంది. తర్వాత చువ్వ దగ్గర్నుంచి అన్నీ చెప్పేశాను. ఆవిడ పెన్ను మూత పెట్టి మొత్తం విన్నది. మనసు డాక్టరుకి చీటీ రాసిచ్చింది. ఇలా చాలామందికి అవుతుందనీ, దీనికి వైద్యం ఉందనీ, కొంతకాలం పట్టినా మళ్లీ ఎక్కేవాళ్లే ఎక్కువనీ చెప్పింది. ఎక్కకపోయినా కొంప మునగదని కూడా చెప్పింది.

ఇంకా మూడు నెలలు నేల మీదే ఉంచమని సైటుకి ఇంకో కాగితం రాయబోతూ ఆగింది. "కారణం దగ్గర బీపీ అనే రాసేయనా? మీ వాళ్లెవరూ ఏమీ అడగరు" అంది. నా మంచికే అంది. నాకూ ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

"వద్దండీ, ఉన్నదే రాయండి" అన్నాను.

ఆ కాగితం పట్టుకుని సైటు ఇంజనీరు గదికి వెళ్లాను. నీకు ఆయన గురించి చెప్పలేదు. మాట కటువు. అరిచాడంటే సిమెంటు కలిపే మిల్లరు కూడా ఆగిపోతుంది. కాగితం ఇచ్చి నిలబడ్డాను. ఒకసారి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. లేచి వెళ్లి తలుపు వేశాడు. ఇక నా పని అయిందనుకున్నాను.

"కూర్చో" అన్నాడు. కూర్చున్నాను.

"నాకూ నాలుగేళ్లుగా బీపీ ఉందయ్యా" అన్నాడు. కాసేపు కాగితాన్ని అటూ ఇటూ జరుపుతూ ఉన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అందరికీ బీపీ అనే చెప్తుంటాను" అన్నాడు.

మనసు డాక్టరు ఫోన్ నంబరు ఆయనకి రాసిచ్చి వచ్చాను.

నీ తమ్ముడు